మాత్ర వేసుకున్నారు సరే, కాఫీ ఎప్పుడు తాగారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రక్తం తక్కువ గురించే. కడుపుతో ఉన్నవాళ్లు రాశారు, వాళ్ల అత్తగార్లు రాశారు, ఆఖరికి ఒక భర్త కూడా రాశాడు. అందుకని షుగరు, బరువు ప్రశ్నలను వచ్చే నెలకు జరిపి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. తిరుపతిలో హోమ్ సైన్స్ చదివి, ముప్పై ఏళ్లకు పైగా చిత్తూరు జిల్లా పల్లెల్లో గర్భిణులకు తిండి గురించి చెబుతూ తిరిగినదాన్ని. మందు పెంచడం, మార్చడం, ఆపడం మీ డాక్టరమ్మ చెప్పాలి. పళ్లెంలో ఏముండాలో, మాత్ర ఎప్పుడు మింగాలో నేను చెప్పగలను.

ప్రశ్న: నాకు ఐదో నెల. మూడో నెలలో హిమోగ్లోబిన్ 10.2 ఉండేది, మొన్న చూస్తే 9.4కి వచ్చింది. మా ఆయన రోజూ దానిమ్మకాయలు, బీట్‌రూట్ తెస్తున్నారు. ఆ జ్యూస్ తాగలేక తాగుతున్నాను. ఐరన్ మాత్ర కూడా ఒక్కరోజు మానలేదు. పొద్దున టిఫిన్ అయ్యాక కాఫీతో వేసేసుకుంటాను, క్యాల్షియం మాత్ర కూడా అప్పుడే. ఇన్ని చేస్తున్నా ఎందుకు తగ్గింది? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉంది తల్లీ. ‘కాఫీతో వేసేసుకుంటాను’ అన్నచోట ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టుకున్నాను.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి మిమ్మల్ని కోప్పడే అర్హత నాకు లేదు. 1991లో నా మొదటి కాన్పు. ఏడో నెలలో కూడా పాకాల దగ్గర ఒక పల్లెకు వెళ్లి ఆకుకూరల గురించి, రక్తహీనత గురించి గంటసేపు మాట్లాడాను. మాట్లాడి చాప మీద కూలబడితే ఆ ఇంటావిడ స్టీలు గ్లాసులో నురగ కాఫీ తెచ్చి ఇచ్చింది. హ్యాండ్‌బ్యాగులో నుంచి మాత్ర తీసి, ఆ కాఫీతోనే మింగాను. పక్కన కూర్చున్న పెద్ద నర్సమ్మ అది చూసింది. నా కింది కనురెప్ప దించి లోపల చూసి, “మేడమ్, ఈ మాత్రతో కాఫీకి రక్తం పడతాది, మీకు కాదు” అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అప్పటికి నా హిమోగ్లోబిన్ 8.6. నేను చూపించుకునే ఆసుపత్రిలో మాత్రలు పేపరు పొట్లంలో కట్టి “రోజుకొకటి” అని చేతిలో పెట్టారు, అంతే. దేంతో మింగాలో, దేంతో మింగకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. పుస్తకంలో చదివిన నాకే గుర్తు రాలేదంటే, ఎవరూ చెప్పనివాళ్లకు ఎలా తెలుస్తుంది?

సంగతేమిటంటే, కాఫీ, టీలలో వగరు పదార్థాలు ఉంటాయి. కడుపులో అవి ఐరన్‌ని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. క్యాల్షియం కూడా ఐరన్‌కి అడ్డం పడుతుంది. గ్యాస్ కోసం తాగే సిరప్పులూ అంతే. మీరు ఒకే పూట మాత్ర, కాఫీ, క్యాల్షియం మూడూ కలిపి వేసుకున్నారు. మానకుండా వేసుకున్నారన్నది నిజమే గానీ, మాత్రలో చాలా భాగం ఒంటికి పట్టకుండా బయటికి పోయింది.

ఇలా మార్చి చూడండి. క్యాల్షియం టిఫిన్‌తోనూ మధ్యాహ్నం అన్నంతోనూ ఉండనివ్వండి. ఐరన్‌ని రాత్రికి మార్చండి. ఏడున్నరకు అన్నం తినేస్తే, తొమ్మిదిన్నరకు పడుకునే ముందు అర నిమ్మకాయ పిండిన నీళ్లతో మింగండి. నిమ్మలోని సి విటమిన్ ఐరన్‌ని ఒంటికి పట్టిస్తుంది. రాత్రిపూట అయితే వికారం వచ్చినా నిద్రలో తెలియదు. కాఫీ మానమని నేను చెప్పను, చెప్పినా మన తిరుపతి వైపు ఎవరూ వినరు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు చిన్న గ్లాసులు, అవి కూడా తిండికి ముందో వెనకో గంట, గంటన్నర ఎడంగా తాగండి. పాలు తాగేవాళ్లు సాయంత్రం నాలుగు గంటలప్పుడు తాగితే ఏ గొడవా లేదు.

ఇక దానిమ్మ. మీ ఆయన ప్రేమను తక్కువ చేయడం లేదు గానీ, ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు. వంద గ్రాముల దానిమ్మ గింజల్లో ఐరన్ 0.3 మిల్లీగ్రాములు. సర్కారు వాళ్లు ఇచ్చే ఎర్ర మాత్ర ఒక్కదాంట్లో 60 మిల్లీగ్రాములు. ఆ మాత్రలో ఉన్నంత ఐరన్ దానిమ్మతో రావాలంటే 20 కిలోల గింజలు ఒలవాలి. బీట్‌రూట్ కొంచెం నయం, అదీ వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము లోపే. పండుగా దానిమ్మ మంచిదే, ఇష్టమైతే తినండి, ఇష్టం లేని జ్యూస్ మాత్రం ఇక చాలించండి. ఆ డబ్బుతో జామకాయలు తెమ్మనండి. సి విటమిన్‌లో జామకాయ నిమ్మను కూడా మించిపోతుంది. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర తిన్నాక ఒక జామకాయ కొరికితే ఆ అన్నంలో ఉన్న ఐరన్ ఎక్కువగా పడుతుంది.

మీ అంకె తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది, దానికి భయపడక్కర్లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. పెరిగేదాంట్లో నీరు భాగం ఎక్కువ, ఎర్రకణాలు తక్కువ. చారులో నీళ్లు పోస్తే పలచబడ్డట్టు అంకె కొంత దిగుతుంది. అందుకే గర్భిణికి 11 ఉంటే చాలంటారు. 9.4 అంటే నీళ్లు పోసిన లెక్క ఒక్కటే కాదు, నిజంగానే తక్కువ. మీ వరకు రోజుకు రెండు మాత్రలు వేసుకోవాల్సి రావచ్చు, అది డాక్టరమ్మను అడగండి. సరిగ్గా వేసుకుంటే నెలలో ఒక పాయింటు అయినా పెరగాలి. పెరగకపోతే ఊరికే మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. బి12 తక్కువేమో, తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) లక్షణం ఏమైనా ఉందేమో చూడమని అడగండి.

మర్చిపోయాను, ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ మాత్రల అట్టను అల్మరా పై అరలో పెట్టండి. ఎర్రగా, పైన తియ్యగా జెమ్స్ బిళ్లల్లా ఉంటాయి. చిన్న పిల్లలు నాలుగైదు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: మా కోడలికి ఆరో నెల. ఏఎన్‌ఎం (ఊరి నర్సమ్మ) ఇచ్చిన మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతోంది, వాంతి వచ్చినట్టు ఉంటోందట. ఇవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని, లావెక్కి కాన్పు కష్టమవుతుందని మా వీధిలో అంటున్నారు. నేను ఐదుగురిని కన్నాను, ఒక్క మాత్ర మింగింది లేదు. పైగా ఇది పెరటాసి నెల (వెంకన్నకు నియమంగా ఉండే తమిళ నెల), మా ఇంట్లో నీసు ముట్టరు. శనివారాలు కోడలు కూడా ఒక్కపొద్దు ఉంటానంటోంది. ఏం చేయమంటారు?
— ఒక అత్తగారు, నగరి

జవాబు: అక్కా, మీరు అడిగినందుకు ముందు దండం. చాలా ఇళ్లల్లో అత్తగారు అడగరు, మాత్రలు తీసుకెళ్లి పెరట్లో పారబోస్తారు. ఒక ఊళ్లో అరటిచెట్టు మొదట్లో ఇరవై, ముప్పై ఎర్ర మాత్రలు నా కళ్లారా చూశాను. “చెట్టు బాగా కాసిందా?” అని అడిగితే ఆ ఇంటివాళ్లు తలొంచుకున్నారు.

బిడ్డ రంగు తల్లీతండ్రుల నుంచి వస్తుంది. మాత్ర నుంచీ రాదు, కుంకుమపువ్వు నుంచీ రాదు. విరేచనం నల్లగా కావడం మంచి గుర్తే అనుకోండి, మాత్ర కడుపులోకి వెళ్లిందని అర్థం. ఒంటికి పట్టగా మిగిలిన ఐరన్ అలా బయటికి పోతుంది. వాంతి వచ్చినట్టు ఉంటే పరగడుపున వద్దు, రాత్రి అన్నం తిన్న తర్వాత పడుకోబోయే ముందు వేయండి. మలబద్ధకం ఉంటే నీళ్లు ఎక్కువ తాగించండి, పొద్దునా సాయంత్రం కాసేపు నడవనివ్వండి, కూరలో ఆకు పెంచండి.

మీరు కన్న ఐదుగురూ చల్లగా ఉన్నారు, సంతోషం. కానీ అప్పుడు మీ రక్తం ఎంతుందో ఎవరు చూశారక్కా? కాన్పయ్యాక ఆరు నెలలు లేవలేకపోయామని, జుట్టంతా ఊడిపోయిందని, మెట్లెక్కితే ఆయాసమని మీ వయసువాళ్లు నాతో ఎంతమంది చెప్పారో లెక్కలేదు. ‘పచ్చి ఒళ్లు’ అని సరిపెట్టుకున్నారు, అందులో సగం రక్తం తక్కువే అయి ఉంటుంది. ఇప్పటికీ పెద్దగా మారలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 52 మంది గర్భిణులకు రక్తం తక్కువని తేలింది. రక్తం తక్కువైన తల్లికి నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువ పుట్టడం ఎక్కువ. కాన్పులో మామూలుగా పోయే రక్తాన్ని కూడా అలాంటి ఒళ్లు తట్టుకోలేదు. బిడ్డ లావెక్కుతుందని మాత్ర ఆపితే, అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

పెరటాసి నియమం మీ ఇష్టం. నెలరోజులు నీసు మానినంత మాత్రాన రక్తం పడిపోదు. మాంసం, చేపల్లోని ఐరన్ తేలిగ్గా పడుతుందన్నది నిజమే. కానీ ఆ నెలలో ఉలవలు, పెసలు, అలసందలు, తోటకూర, మునగాకు, నువ్వుల ఉండ పెంచి, ప్రతి పూటా నిమ్మకాయో జామకాయో ఉండేటట్టు చూస్తే గడిచిపోతుంది. గుడ్డు మీ ఇంట్లో నీసు కిందికి వస్తుందో రాదో మీరే చెప్పాలి. ఒక్కపొద్దు మాత్రం వద్దు. మొక్కు అంటారా, బిడ్డ పుట్టాక తీర్చుకోవచ్చు. ఏడుకొండలవాడు ఎక్కడికీ పోడు. ఆరో నెల మాత్రం మళ్లీ రాదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీ కోడలు మధ్యాహ్నం ఎన్నింటికి తింటుంది? మీ ఉత్తరంలో అది లేదు. నేను వెళ్లిన ఇళ్లల్లో చాలాచోట్ల గర్భిణి రెండున్నరకో మూడింటికో, అందరూ తిన్నాక తినేది. అప్పటికి కూర గిన్నె అడుగంటి ఉండేది, మిగిలేది అన్నం, చారు, మజ్జిగ. అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్డు ఇంటికొస్తే చిన్నపిల్లాడి నోట్లోకి పోయేది. ఖర్జూరం, చిక్కీ తలా ఒకటి అయిపోయేవి. ఇంట్లో కూర ఉడకగానే మొదటి గరిటె కోడలి పళ్లెంలో వేసేది మీరే అయితే, నేను రాసే వంద జవాబుల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది. మాత్రలు కాన్పయ్యాక కూడా ఆరు నెలలు, అంటే 180 రోజులు వేసుకోవాలి. పథ్యం పేరుతో అవి ఆపకండి.

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల సగంలో ఉంది. రక్తం 6.8 అన్నారు. ఆయాసంగా ఉంటోంది, కాళ్లు వాచాయి. ఆసుపత్రిలో చేరమంటే పొలం పనులుండి వాయిదా వేశాం. ఏం తింటే త్వరగా పెరుగుతుంది?
— పేరు రాయలేదు, శ్రీకాళహస్తి దగ్గర పల్లె

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగలేదు. కింద ఫోన్ నంబరు ఉంది కాబట్టి అదే రోజు ఫోన్ చేశాను. ఆవిడ ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను: ఏడు లోపుంటే అది తిండితో సరిచేసే రక్తం కాదు. మాత్రలకు కూడా అప్పుడు వ్యవధి చాలదు. ఐరన్‌ని నరంలోకి ఎక్కించాలో, రక్తమే ఎక్కించాలో డాక్టర్లు చూసి చెప్పాలి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే 108కి ఫోన్ చేయండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా చూస్తారు, 2016 నుంచి జరుగుతోంది. ఆ రోజు పొలం పనులున్నా వెళ్లండి, అంకె ఏడు దాకా దిగకముందే తెలిసిపోతుంది.

ప్రశ్న: మాది రాగిసంగటి తినే ఇల్లు. రాగుల్లో ఐరన్ ఎక్కువని టీవీలో చెబుతారు. రోజూ సంగటి తిని, రాగిజావలో బెల్లం వేసుకుని తాగే నాకు రక్తం 9.8 ఎందుకుంది? మరి రాగులు మంచివి కావా?
— ఒక టీచరు, పలమనేరు

జవాబు: రాగులు మంచివే మేడమ్. సంగటిని ఎవరైనా ఏమైనా అంటే నేనే పోట్లాటకు వస్తాను. వంద గ్రాముల రాగుల్లో ఐరన్ నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పాలిష్ బియ్యంలో ఒకటి కూడా ఉండదు. అయితే గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. ధాన్యాల్లో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఐరన్‌ని తాళం వేసి పెట్టుకుంటుంది. పైగా రాగుల్లో క్యాల్షియం కూడా చాలా ఎక్కువ, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైమాటే. మీరు ఆ జావలో పాలు కూడా పోసుకుంటున్నారని నా అనుమానం. ఇక బెల్లం విషయానికొస్తే, ఒక చిన్న ముక్కలో ఎంత ఐరన్ ఉంటుంది చెప్పండి? రుచికి వేసుకోండి, రక్తానికి కాదు.

ఈ తాళం తీసే పద్ధతులు మన పాతవాళ్ల వంటింట్లోనే ఉన్నాయి. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి పిండి పట్టించండి. మొలకెత్తితే ఫైటేట్ తగ్గుతుంది. పులిసినా తగ్గుతుంది, అందుకే అంబలి అంత గొప్పది. గంగమ్మ జాతరకు మే నెలలో వీధివీధినా అంబలి పోస్తుంటే మన పిల్లలు ముక్కు మూసుకుంటారు గానీ, రాత్రి కలిపి పొద్దుటిదాకా పులియబెట్టిన రాగిపిండి ఏ డబ్బా పొడికీ తీసిపోదు.

సంగటి పక్కన ఏముందన్నది అసలు ప్రశ్న. ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) ఒక్కటే ఉందా? చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, మంచివే, కానీ అవి చాలవు. ఉలవలు తీసుకోండి, వంద గ్రాముల పచ్చి ఉలవల్లో ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఉంది. మనం ఏం చేస్తాం? ఉడకబెట్టి, నీళ్లు వంచి చారు కాచుకుంటాం, గింజలు ఎద్దులకు పెడతాం. అందుకే ఎద్దు నిగనిగలాడుతుంది. చారు తాగండి, గింజలు కూడా తినండి. ఒక గుప్పెడు మొలకెత్తించి తాలింపు వేసి, పొయ్యి మీంచి దించాక నిమ్మకాయ పిండుకుని గుగ్గిళ్లలా తినండి. దించాక అని ఎందుకు అంటున్నానంటే, సి విటమిన్ వేడికి చాలావరకు పోతుంది. కూర ఉడికేటప్పుడు నిమ్మకాయ పిండితే ఆ మేలు చాలావరకు తగ్గిపోతుంది.

చలికాలం వస్తే మనకు పితికిపప్పు ఉండనే ఉంది. అనపగింజలు రాత్రి నానేసి పొద్దున ఒక్కొక్కటే వేళ్ల మధ్య పితికితే తోలు జారిపోయి పప్పు గిన్నెలో పడుతుంది. మా అమ్మ సంక్రాంతి ముందు ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూర్చోబెట్టి పితికించేది, బొటనవేళ్లు నాని ముడతలు పడేవి. ఆ నానబెట్టిన నీళ్లు పారబోసి, తోలు తీసేస్తే దాంతో పాటే అడ్డం పడే పదార్థాలు కొంత పోతాయి. ఇదంతా తెలిసి చేశారని నేను అనను. రుచి కోసం చేశారు, మేలు దానంతటదే వచ్చింది.

ఇంకొకటి పుల్లగూర. తోటకూర, చెంచలాకు, ఏ ఆకు దొరికితే ఆ ఆకు, టమాటా లేదా చింతపండు, పచ్చిమిరపకాయలు వేసి ఉడికించి పప్పుగుత్తితో ఎనుపుతారు కదా. దాన్ని వారానికి ఒకసారి కాదు, రోజు మార్చి రోజు చేయండి. వీలైతే ఇనుప బాండలిలో ఉడికించండి. పులుపు ఇనుము నుంచి కొంత ఐరన్‌ని లాగి కూరలోకి తెస్తుంది. నాన్‌స్టిక్ వచ్చాక అటకెక్కిన బాండలి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. దించి, తుప్పు తోమి, నూనె రాసి వాడండి. కూర అయ్యాక వేరే గిన్నెలోకి తీయండి, లేకపోతే నల్లబడి లోహపు వాసన వస్తుంది.

ఇన్నీ చేసినా మాత్ర మానడానికి లేదు. తొమ్మిది నెలల్లో బిడ్డకు, మాయకు, పెరిగే రక్తానికి అన్నీ కలిపి సుమారు వెయ్యి మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా కావాలి. శాకాహారం భోజనంలో ఉన్న ఐరన్‌లో పట్టేది పది శాతం లోపే. టీచరు గారు కాబట్టి లెక్క మీరే వేసుకోండి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 మాత్రలు, తిండి ఎంత బాగున్నా సరే.

ప్రశ్న: ఎవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను. నాకు నాలుగో నెల. డబ్బాలో పచ్చి బియ్యం గుప్పెళ్లకొద్దీ తినేస్తున్నాను. బలపాలు కూడా. వాన పడితే మట్టి వాసనకు నోట్లో నీళ్లూరుతాయి, ఒకసారి గోడ మట్టి గీకి తిన్నాను. మా ఆయనకు తెలిస్తే నవ్వుతాడు. ఇదేమైనా పిచ్చా?
— ఊరు పేరు వద్దు

జవాబు: పిచ్చి కాదమ్మా. ఊరు పేరు వద్దన్నారు గానీ ఏ ఊరు పేరు వేసినా సరిపోయేది, ప్రతి ఊళ్లో మీలాంటివాళ్లు ఉన్నారు. స్కూలు పక్క అంగడిలో బలపాల డబ్బా పిల్లల కోసమే ఖాళీ అవుతోందని అనుకుంటున్నారా? ఒక అంగడాయన నాతో నవ్వుతూ అన్నాడు, “పలకలు పోయినాయి, బలపాలు మాత్రం పోలేదు మేడమ్” అని.

ఒంట్లో ఐరన్ బాగా తగ్గితే ఇలాంటి యావ పుడుతుంది. మట్టి, సున్నం, పచ్చి బియ్యం, విభూతి, ఐసుముక్కలు, ఒక్కొక్కరికి ఒక్కోటి. ఐరన్ అందితే చాలామందిలో ఈ యావ దానంతటదే పోతుంది. అందుకని ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. అక్కడ సిగ్గుపడకుండా “బలపాలు తింటున్నాను” అని చెప్పండి. ఆ ఒక్క మాట వాళ్లకు చాలా చెబుతుంది. మట్టి తింటే కడుపులో నులిపురుగులు చేరతాయి, కొంకిపురుగులైతే పేగును కరుచుకుని రక్తం తాగుతాయి. మూడు నెలలు దాటాక పురుగుల మాత్ర, ఆల్బెండజోల్ ఒక్కటి, ఇస్తారు. మీకు నాలుగో నెల వచ్చింది కాబట్టి ఏఎన్‌ఎంను అడిగి వేసుకోండి. పెరట్లోకి వెళ్లినా చెప్పులు వేసుకునే వెళ్లండి, ఆ కొంకిపురుగు పిల్లలు అరికాళ్ల నుంచే లోపలికి వస్తాయి.

పచ్చి బియ్యం కోసం చెయ్యి వెళ్లినప్పుడల్లా పక్కన వేయించిన చెనిక్కాయలో, మరమరాలో ఉంచుకోండి. ఒక్కరోజులో మానలేరు, మానలేకపోయానని ఏడవొద్దు. మీ ఆయన నవ్వితే ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారు. కడిగితే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి, రంగు కూడా తేడాగా ఉన్నాయి. మా ఆవిడకు మూడో నెల. భయపడి గంటసేపు కూర్చుని ఒక్కో గింజా ఏరి మా కోళ్లకు వేస్తోంది. దీని మీద మీ పత్రికలో గట్టిగా రాయండి.
— ఆటో డ్రైవర్, తిరుపతి

జవాబు: గట్టిగానే రాస్తాను, కాకపోతే మీరు అనుకున్నట్టు కాదు. అది ప్లాస్టిక్ కాదు నాయనా. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మిషన్లో మళ్లీ గింజలా ఒత్తుతారు. మామూలు బియ్యం వంద కిలోలకు ఆ గింజలు ఒక కిలో చొప్పున కలుపుతారు. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని ప్రకటించిన పథకం ఇదే. పిండితో చేసింది కాబట్టి తేలికగా ఉంటుంది, నీళ్లలో తేలుతుంది. నమ్మకం లేకపోతే ఆ గింజలు పది విడిగా ఉడికించండి. మెత్తబడి అన్నమవుతాయి. ప్లాస్టిక్ అయితే ఎంత ఉడికించినా మెత్తబడి అన్నం కాదు.

బియ్యం కడిగేటప్పుడు ఒకటి రెండుసార్లకు మించి కడగొద్దని, తేలిన గింజలు పారబోయొద్దని మీ ఆవిడకు చెప్పండి. ఈ బియ్యం తింటున్నాం కదా అని వచ్చే నెల నుంచి వేసుకోవాల్సిన మాత్రలు మానకూడదు, ఇది దానికి తోడు మాత్రమే. తలసీమియా లాంటి రక్తజబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఆ గంటసేపు ఏరే పని తగ్గితే ఆవిడ కాసేపు నడుం వాల్చుకుంటుంది. మీ కోళ్లకు ఇన్నాళ్లూ రక్తం బాగానే పట్టి ఉంటుంది, ఇక వాటికి నూకలు వేయండి.